ఆకు ఈనెల సాక్ష్యం
(కార్తీక వనసమారాధన సందర్భంగా ఉప్పాడ తీరంలో చేసిన ప్రసంగ పాఠం)



భోజనాలకు ముందు అరగంట మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. ఆకలితో ఉన్న సభను అరగంట కూర్చోబెట్టడం ఎంత కష్టమో ముప్పై ఏళ్ళకు పైగా డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్రం పాఠాలు చెప్పినవాడిగా నాకు తెలుసు. వాళ్ళకీ చివరి పీరియడు లంచికి ముందే ఉండేది! డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించి మాట్లాడడానికి నాకంటె సమర్థులు ఈ వేదిక మీద ఉన్నారు. నేను నాకు తెలిసిన ఆకుల గురించే చెబుతాను. అందులోనూ పప్పుజాతి మొక్కల ఆకులలోని ఈనెలు వాటి వంశాన్ని ఎలా పట్టిస్తాయో చెబుతాను.

పప్పుజాతి మొక్కలే ఎందుకంటారా? వెనకాల పొయ్యి మీద ఉన్న గుండిగలు ఒకసారి చూడండి. పప్పులో ఉన్నది కంది. గారెలకు మినుములు. బూరెల్లో పూర్ణానికి శనగపప్పు. పులిహోరలో చింతపండు, వేరుశనగ గుళ్ళు. తాలింపులో మెంతులు. కూర చిక్కుడుకాయ. ఇవన్నీ ఒకే కుటుంబం. మా పుస్తకాల్లో లెగ్యుమినోసి అనీ, ఫాబేసి అనీ రాస్తారు. లోకంలో ఈ కుటుంబానికి దాదాపు 765 ప్రజాతులు, 19,500 జాతులు ఉన్నాయని శాస్త్రజ్ఞుల లెక్క. పూల మొక్కలలో ఇంతకంటె పెద్ద కుటుంబాలు రెండే. నేల మీద పాకే పిల్లిపెసర దగ్గర నుంచి రోడ్డుకు గొడుగు పట్టే నిద్రగన్నేరు దాకా అందరూ ఇందులో వారే.

ఇంత పెద్ద కుటుంబంలో ఎవరు ఎవరో తేల్చడం ఎలా? పువ్వు దొరికితే చిక్కు లేదు. కాయ దొరికితే మరీ తేలిక. కాని ఏడాదిలో ఎక్కువ రోజులు చెట్టుకు పువ్వూ ఉండదు, కాయా ఉండదు. ఆకు మాత్రం ఉంటుంది. మన సర్వీసు రిజిస్టరు మొదటి పేజీ గుర్తు చేసుకోండి. ఫొటో ఉన్నా సరే, కింద గుర్తింపు చిహ్నాలు అని రెండు పుట్టుమచ్చలు రాసేవారు. మనిషి ముఖం మారుతుంది, జుట్టు రాలుతుంది, మచ్చ మారదు. మొక్కకు పువ్వు ఫొటో వంటిదైతే ఆకులోని ఈనెల అల్లిక పుట్టుమచ్చ వంటిది. అయితే రిజిస్టరులో ఒక మచ్చతో సరిపెట్టక రెండు రాయించారు. ఆ సంగతి జ్ఞాపకం ఉంచుకోండి, తరువాత దానితో పని ఉంది.

మొదట ఈనె అంటే ఏమిటో చూద్దాం. మనం గోదావరి డెల్టా వాళ్ళం గనుక ఒక్కమాటలో చెప్పవచ్చు. ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో నీళ్ళు ఎలా పారాయి? ప్రధాన కాలువ, దాని నుంచి బ్రాంచి కాలువ, దాని నుంచి పిల్ల కాలువ, చివరకు పొలం గట్టున బోదె. ఆకులోనూ అంతే. కాడలో నుంచి వచ్చేది నడి ఈనె. దాని నుంచి పక్క ఈనెలు. వాటి మధ్య సన్న ఈనెలు. ఇంకా సన్నవి కలిసి చిన్నచిన్న గడులు కడతాయి. ఒక తేడా ఉంది. మన బోదె చివరి పొలం దగ్గర ఆగిపోతుంది. ఆకులో మాత్రం చాలా ఈనెలు తిరిగి ఒకదానితో ఒకటి కలుసుకుంటాయి, ఈ ఊరి మత్స్యకారుల వలలో కన్నుకు కన్ను కలిసినట్టు. పురుగు ఒకచోట కొరికినా నీరు ఇంకో దారిన వెళ్ళిపోతుంది. పైగా ఈ కాలువల్లో రాకపోకలు రెండూ ఉన్నాయి. వేరు నుంచి నీరు పైకి వస్తుంది, ఆకు వండిన చక్కెర వెనక్కి పోతుంది.

ఉప్పాడ జాందానీ చీరను వెలుగుకు ఎత్తి పట్టి నేత చూస్తారు కదా, ఆకునూ అలా సూర్యుడికి ఎదురుగా పట్టి చూస్తే ఈనెల అల్లిక కనిపిస్తుంది. దీన్నే మేము ఈనెల వ్యాపనం అంటాము.

ఇప్పుడు పూజకు తెచ్చి నిలబెట్టిన ఆ ఉసిరి కొమ్మను చూడండి. పక్కనే చింత రెమ్మ పెట్టాను. రెండింటికీ సన్నటి పుల్లకు అటూ ఇటూ చిన్న ఆకులు వరుసగా ఉన్నాయి. పిల్లలను అడిగితే రెండూ ఒకే జాతి అంటారు. కాని చింత పప్పుజాతి కుటుంబంలోది, ఉసిరి కాదు. చింతలో ఆ పుల్ల మొత్తం ఒకే ఆకు, దానికున్నవి పత్రకాలు. ఉసిరిలో ఆ పుల్ల ఒక చిన్న కొమ్మ, దానికున్న ఒక్కొక్కటీ ఒక్కొక్క ఆకు. ఎలా తెలుస్తుంది? ఉసిరిలో ప్రతి చిన్న ఆకు మొదట్లోనూ మొగ్గకు చోటుంది. పూత, పిందె అక్కడే వస్తాయి. చింతలో పత్రకాల మొదట్లో ఎన్నడూ పిందె రాదు. ఇంకో గుర్తు: చింతాకు కాడ మొదట్లో చిన్న ఉబ్బు ఉంటుంది. అది తలుపుకు బందు వంటిది. సాయంత్రం చింతాకు ముడుచుకునేది దాని వల్లే. పప్పుజాతి మొక్కల్లో దాదాపు అన్నింటికీ ఈ ఉబ్బు ఉంటుంది. కనుక ఈనెలు చూసే ముందు ఏది ఆకు, ఏది పత్రకం అని తేల్చుకోవాలి.

అది తేల్చుకున్నాక ఈనెల దగ్గరికి రండి. మినుము, పెసర, చిక్కుడు ఆకులకు మూడేసి పత్రకాలు. ప్రతి పత్రకం అడుగు నుంచి మూడు ఈనెలు ఒకేసారి బయలుదేరుతాయి. నడిమి పత్రకం రెండు వైపులా సమానంగా ఉంటుంది. పక్క పత్రకాలలో బయటివైపు సగం వెడల్పు ఎక్కువ. నిద్రగన్నేరు పత్రకంలో నడి ఈనె మధ్యన పోకుండా వాలుగా, మూల నుంచి మూలకు పోతుంది. దేవకాంచనం ఆకును చూస్తే అరచేతిలో వేళ్ళు విచ్చుకున్నట్టు అడుగున ఒకే చోటి నుంచి తొమ్మిది, పదకొండు ఈనెలు బయలుదేరుతాయి. ఆ ఆకు కొన చీలి రెండు ఆకులు అతుక్కున్నట్టు ఉంటుంది. అందుకే బాహీన్ అనే ఇద్దరు అన్నదమ్ముల పేరు ఈ ప్రజాతికి పెట్టారు. ఇద్దరూ వృక్షశాస్త్రవేత్తలే. పేరు బాహీనియా.

ఇక అలా నాలుగడుగులు ఇసుకలోకి వెళితే చీలిన ఆకులతో, ఊదారంగు గరాటు పూలతో పాకే తీగ కనిపిస్తుంది. కొందరు దీన్ని చెవులపిల్లి తీగ అంటారు. శాస్త్రనామం ఐపోమియా పెస్ కాప్రే. మేకగిట్ట అని అర్థం. పువ్వు లేనప్పుడు ఆకు మాత్రం తెచ్చి చూపిస్తే దేవకాంచనం అని పొరబడడానికి అవకాశం ఉంది. అక్కడే ఈనె సాక్ష్యం చెబుతుంది. ఈ తీగ ఆకులో నడి ఈనె ఒకటే పెద్దది, మిగిలినవి దాని పక్కల నుంచి ఈకలో పోగుల్లా చీలుతాయి. దేవకాంచనంలా అడుగు నుంచి వేళ్ళు విచ్చుకోవు. ఆకు తుంచితే పాలు కారతాయి. ఇది చిలగడదుంప కుటుంబం, పప్పుజాతి కాదు. మన తూర్పు తీరపు ఇసుకల్లోనే పాకే కెనవాలియా రోజియా తీగకు కూడా ఊదా గులాబీ పూలే. కాని దానికి మూడేసి పత్రకాలు, ప్రతి కాడ కిందా ఉబ్బు. అది మన పెరటి తమ్మకాయ తీగకు చెల్లెలు.

ఈ తేడా తెలిస్తే ఏమి లాభం అని మీరు అడగవచ్చు. ఈ ఊరి వాళ్ళకు సముద్రం కోత అంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు. ఇళ్ళూ, రోడ్డూ కళ్ళముందే పోయాయి. తీగలు సముద్రాన్ని ఆపుతాయని నేను అనను. కాని గాలికి కదిలిపోయే ఇసుకను పట్టి ఉంచేవి ఈ రెండు తీగలే. అందులో తమ్మజాతి తీగ వేరుబుడిపెల్లోని బాక్టీరియా సాయంతో గాలిలోని నత్రజనిని కూడా ఇసుకకు అందిస్తుంది. ఏది పీకకూడదో, ఏది నాటాలో తెలియాలంటే ముందు దాని పేరు తెలియాలి.

ఈ విద్యకు చరిత్ర ఉంది. ఎటింగ్స్‌హౌజెన్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త 1861లోనే ఆకుల అస్థిపంజరాల మీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. ఆయనకు ఈనెలతో ఎందుకు పని పడింది? రాతిలో దొరికే పురాతన ఆకు ముద్రలకు పువ్వులుండవు, కాయలుండవు. ఈనెలే ఆధారం. మన దేశంలో అస్సాంలోని మాకుం బొగ్గు క్షేత్రపు పొరల్లో దాదాపు రెండున్నర కోట్ల ఏళ్ళనాటి దేవకాంచనం జాతి ఆకు ముద్ర దొరికిందంటే, దాన్ని గుర్తుపట్టింది ఆ వేళ్ళ వంటి ఈనెల వల్లే. తరువాత 1973లో అమెరికాకు చెందిన లియో హికీ ఈనెలను మొదటి తరగతి, రెండో తరగతి, మూడో తరగతి అని విభజించి ఒక్కొక్క తీరుకూ పేరు పెట్టాడు. అప్పటి నుంచి ఒకరు చూసింది ఇంకొకరు అదే మాటలతో చెప్పగలుగుతున్నారు. మన హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్య ఎన్. రామయ్యగారు, ఆయన శిష్యులు పప్పుజాతి మొక్కల ఆకుల పైనుండే నూగు, పత్రరంధ్రాలు వర్గీకరణకు ఎలా ఉపయోగపడతాయో పరిశోధించారు. ఆకు ఒక్కటే ఎన్ని విధాల సాక్ష్యం ఇస్తుందో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

2017లో లోకంలోని పప్పుజాతి నిపుణులు కలిసి జన్యువుల ఆధారంగా ఈ కుటుంబాన్ని కొత్తగా పంచారు. మేము చదువుకున్న రోజుల్లో మూడు ఉపకుటుంబాలు. ఇప్పుడు ఆరు. పువ్వును చూసి వేరుగా పెట్టిన తుమ్మ, నిద్రగన్నేరు వర్గం ఇప్పుడు తంగేడు, రేల ఉన్న ఉపకుటుంబంలో కలిసిపోయింది. అప్పటిదాకా తంగేడుతో కలిపి ఉంచిన దేవకాంచనం వర్గం మాత్రం విడిపోయి సొంత ఉపకుటుంబం అయింది. అరచేతి వేళ్ళ ఈనెలు ఆ వర్గానికి ముఖ్యమైన గుర్తు. కంటితో చూసిన ఈనె, ప్రయోగశాలలో చదివిన జన్యువు అక్కడ ఒకే మాట చెప్పాయి.

ఇప్పుడు మన వయసు వాళ్ళకు బాగా పరిచయమున్న ఆకు ఒకటి. నవ్వకండి, సునాముఖి! మలబద్ధకానికి ఇది ఎంత ప్రసిద్ధమో మీకు తెలుసు. ఇదీ పప్పుజాతే, తంగేడుకు దగ్గర చుట్టం. తంగేడు ఆకును సునాముఖిలో కలిపి అమ్మే కల్తీ పాతకాలం నుంచీ ఉన్నదే. పొడి చేశాక ఆకు ఆకారం కనబడదు. అప్పుడు ఔషధ పరీక్షకులు చిన్న ముక్కను రంగు పోయేలా ఉడికించి, సూక్ష్మదర్శిని కింద ఒక చదరపు మిల్లీమీటరులో ఈనెల గడులు ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు. తమిళనాడు తిరునెల్వేలి సునాముఖిలో సుమారు 19 నుంచి 23, ఈజిప్టు అలెగ్జాండ్రియా రకంలో 25 నుంచి 30. ఫార్మసీ విద్యార్థుల పాఠాల్లో ఈ లెక్క ఉంటుంది. ఇంకో విశేషం, ఈ రెండు రకాలనూ ఇప్పుడు ఒకే జాతిగా పరిగణిస్తున్నారు. కనుక గడుల లెక్క సరుకు ఏ రకమో చెప్పగలదు గాని, జాతి వేరని తీర్పు చెప్పలేదు. సాక్షి చెప్పాల్సింది సాక్షి చెప్పాలి, తీర్పు కోర్టు చెప్పాలి. (సునాముఖి రోజూ వాడేవారు డాక్టరుగారిని అడిగి వాడండి.)

రెండు మచ్చల సంగతి ఇందాక చెప్పాను. ఇక్కడ దానితో పని పడింది. రోడ్ల పక్కన, తోటల్లో ఆస్ట్రేలియా తుమ్మ విరివిగా నాటారు. కొడవలిలా వంగిన దాని ఆకులో ఈనెలు గడ్డిలో లాగా పొడవునా సమాంతరంగా పోతాయి. ఈనెలనే నమ్మితే ఇది పప్పుజాతి కాదనాలి. నిజానికి అది ఆకే కాదు, ఆకులా వెడల్పయిన కాడ. దాన్ని ప్రభాసనం అంటాం. విత్తనం మొలిచిన కొత్తలో మొక్కకు తుమ్మాకు వంటి అసలు ఆకులే వస్తాయి. తరువాత అవి పోయి కాడలు వెడల్పవుతాయి. అలాగే మినుముకూ పెసరకూ తేడా ఈనెల్లో వెతికితే దొరకదు. కాయ మీది నూగులో, గింజ మీది తెల్లటి బొడ్డులో దొరుకుతుంది. అది మన రైతుకు మాకంటె బాగా తెలుసు.

తేడా తెలియకపోతే ప్రాణం మీదికి వచ్చే సందర్భాలూ ఉన్నాయి. తగిరిస చిగుళ్ళను కొన్ని ప్రాంతాల్లో కూర వండుకుంటారు. దాని పక్కనే పెరిగే కసింద చూడడానికి దాని తమ్ముడిలా ఉంటుంది. 2016లో మన పొరుగున ఒడిశాలోని మల్కనగిరి జిల్లాలో మెదడువాపుతో పిల్లలు పెద్దసంఖ్యలో చనిపోయారు. వారిలో కొందరి విషయంలో కసింద గింజల విషమే కారణమని దర్యాప్తు చేసిన నిపుణులు చెప్పారు. ఈ రెండింటికీ ఈనెల అమరిక ఒకే రకం. ఈనెలు వంశం వరకే చెబుతాయి. మనిషిని పట్టుకోవాలంటే రెండో మచ్చ చూడాలి. కసింద పత్రకాలు కొన దేరి ఉంటాయి, చిన్న గ్రంథి కాడ మొదట్లో ఉంటుంది. తగిరిస పత్రకాల కొన గుండ్రన, గ్రంథులు కింది పత్రకాల జతల మధ్య ఉంటాయి. పిల్లలూ, ఏ మొక్క గింజలైనా సరే పెద్దవాళ్ళకు చూపించకుండా నోట్లో పెట్టవద్దు. ఎర్రగా ముద్దుగా ఉండే గురివింద కూడా విషమే, అదీ ఈ కుటుంబమే.

మంచి వైపు కూడా చెబుతాను. మన కందికి అతి దగ్గర అడవి చుట్టం కజానస్ కజానిఫోలియస్ తూర్పు కనుమల ప్రాంతంలో పెరుగుతుంది. పటాన్‌చెరువులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు దాని సాయంతో మగవంధ్యత్వం గల కంది వంగడాన్ని తయారు చేసి, హైబ్రిడ్ కందిని సాధించారు. అటువంటి హైబ్రిడ్ ఒకటి 2010లో మధ్యప్రదేశ్‌లో విడుదలైంది. అడవిలో పూయని రోజున ఆ మొక్కను దాటిపోకుండా ఆగి చూసేవాడికి ముందు కనబడేది ఆకే.

చివరగా మన సొంత సంగతి. ఇక్కడికి దగ్గరలోనే ఉన్న సామర్లకోటలో 1781 నుంచి 1793 వరకు విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్నాడు. అక్కడ తోట వేశాడు. మన చుట్టుపక్కల మొక్కలను మన దేశపు చిత్రకారుల చేత గీయించాడు. కోరమాండల్ తీరపు మొక్కలు అనే ఆయన గ్రంథం 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా 300 బొమ్మలతో లండనులో వెలువడింది. మొదటి సంపుటంలోనే మోదుగ, తీగమోదుగ బొమ్మలున్నాయి. ఆయన మొక్కల పక్కన తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. ఆ పేర్లు ఆయనకు పుస్తకాల్లో దొరకలేదు. ఈ ప్రాంతపు రైతులు, వైద్యులు, పశువుల కాపరులు చెప్పినవే. వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు, వాళ్ళు చెప్పిన పేర్లు మాత్రం ఉన్నాయి.

ఈనెలు మొక్కలోనే ఉంటాయి, ఎప్పుడు చూసినా కనబడతాయి. పేరు మాత్రం మనిషి నోట్లో ఉంటుంది, మనిషితోనే పోతుంది. వెంపలి, కసింద, పిల్లిపెసర, కానుగ, గచ్చకాయ అంటే చటుక్కున చూపించగలిగిన వారు ఈ సభలో చాలామంది ఉన్నారు. మన మనవల్లో ఎందరు చూపించగలరు?

అందుకని నాదొక మనవి. ఖర్చు లేని పని. ఆకును వెనక వైపు పైకి వచ్చేలా బల్ల మీద పెట్టి, మీద పల్చని తెల్లకాగితం పరచి, పెన్సిలును పడుకోబెట్టి మెల్లగా రుద్దండి. ఈనెలన్నీ కాగితం మీదికి వస్తాయి. రుద్దే పని పిల్లలకు ఇవ్వండి. దాని కింద మీ ఊళ్ళో పిలిచే పేరు, దొరికిన చోటు, తేదీ, కాడ కింద ఉబ్బు ఉందా లేదా, కాయ ఉంటే ఎలా ఉంది అనేవి మీరు రాయండి. ఒకే మొక్కకు రెండు ఊళ్ళలో రెండు పేర్లుంటే రెండూ రాయండి. అటువంటి కాగితాలు సంఘం కార్యాలయానికి పంపితే భద్రపరచడానికి కార్యదర్శిగారు అంగీకరించారు. వాటిని కుటుంబాలవారీగా సర్దే పని, ఓపిక ఉన్నంతకాలం, నేను చేస్తాను.

ఈ రోజు భోజనాలకు తెచ్చినవి మోదుగ విస్తళ్ళు. వడ్డన మొదలయ్యేలోగా ఒకసారి వెలుగుకు పట్టి చూడండి. ఆ తరువాత పప్పు వేయించుకోండి. ఆకూ, అందులోని పప్పూ ఒకే ఇంటివి.